నిజమైన క్రైస్తవుడు ఎవరు? ఒంగోలులో పదిహేను నెలలు మూసి ఉన్న తలుపు

ఎప్పటిలాగే మణికొండలో మా ఫ్లాట్ నుంచే మాట్లాడుతున్నాను. పక్కన ఇంకో అపార్ట్‌మెంట్ లేస్తోంది, మధ్యలో మిషన్ సౌండ్ వస్తే కొంచెం సర్దుకోండి.

ఈ రోజు టాపిక్ నేను చాలా రోజులుగా వాయిదా వేస్తూ వచ్చింది. ఎందుకంటే ఇందులో మా ఇంటి సంగతి కూడా ఉంది.

నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒకసారి క్యాంటీన్‌లో లంచ్ చేస్తున్నాం. ఒక కొలీగ్ నవ్వుతూనే అడిగాడు, "నువ్వు నిజం క్రిస్టియన్‌వా, బియ్యం బస్తా క్రిస్టియన్‌వా?" అని. టేబుల్ మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

మా నాన్న వాళ్లది ఒంగోలు దగ్గర పల్లె. మా నాన్న నా పదో తరగతి ఫారంలో మతం దగ్గర క్రైస్తవం అని, కులం దగ్గర బీసీ-సి అని రాశాడు. తెలియని వాళ్ల కోసం చెప్తాను, ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి మారిన వాళ్లకి, వాళ్ల పిల్లలకి మన తెలుగు రాష్ట్రాల్లో ఉన్న కేటగిరీ బీసీ-సి. రిజర్వేషన్ ఒక్క శాతం. మా పెదనాన్న మాత్రం అన్నయ్య ఫారంలో హిందూ, ఎస్సీ అని రాశాడు. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు. ఆదివారం ఒకే గుడికి వెళ్తారు, ఒకే బెంచీలో కూర్చుంటారు. అన్నయ్యకి నాకంటే వెనక ర్యాంకు వచ్చినా మంచి కాలేజీలో సీటు వచ్చింది. నా ఫీజు కోసం నాన్న అప్పు చేశాడు.

చాలా ఏళ్లు నా మనసులో ఒక లెక్క ఉండేది. మా నాన్న నిజమైన క్రైస్తవుడు, మా పెదనాన్న కాదు అని. ఆ లెక్క తప్పని నాకు మా ఊరి చరిత్ర చదివాకే తెలిసింది. ఆ చరిత్రే ఈ రోజు చెప్తాను.

ఇక్కడి నుంచి ఒంగోలు వెళ్లే బస్సు నార్కెట్‌పల్లి, అద్దంకి మీదుగా వెళ్లి మేదరమెట్ల దగ్గర పెద్ద హైవే ఎక్కుతుంది. ఒంగోలు దగ్గరపడుతుండగా గుండ్లకమ్మ బ్రిడ్జి వస్తుంది. తెల్లవారుజామున వస్తుంది కాబట్టి బస్సులో అందరూ నిద్రలో ఉంటారు. ఆ ఏటి ఒడ్డునే వెల్లంపల్లి ఉంది. 1878 జూలై 3న అక్కడ ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ నంబర్ చాలామంది విన్నారు. చర్చిలో గర్వంగా చెప్తారు. బయట ఎగతాళిగా చెప్తారు, "కరువులో గంజి పోశారు, మతం మార్చారు" అని. కానీ ఆ రోజుకి ముందు పదిహేను నెలలు ఏం జరిగిందో ఇద్దరూ చెప్పరు.

కొంచెం వెనక్కి వెళ్దాం. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. శామ్యూల్ డే వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తర్వాత లైమన్ జ్యూయెట్ వచ్చాడు. ఏళ్ల తరబడి పని చేసినా చేరిన వాళ్లు చాలా కొద్దిమంది. ఫలితం లేదు, మూసేద్దాం అని అమెరికాలో చర్చ కూడా జరిగింది. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ క్లోజ్ చేసే మీటింగ్ అన్నమాట. మూయలేదు. 1866లో ఒంగోలుకి జాన్ ఎవరెట్ క్లౌ వచ్చాడు. అమెరికాలో సర్వేయర్ పని చేసినవాడు. ఈ సర్వే సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

క్లౌ వచ్చేసరికి యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన అప్పటికే వెతుకులాటలో ఉన్నాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం. అంతకు ముందు రాజయోగం నేర్చుకున్నాడు, గురువుల దగ్గర కూర్చున్నాడు. అంటే ఈయన దగ్గరికి ఎవరో బియ్యం బస్తా పట్టుకుని వచ్చి తలుపు కొట్టలేదండి. దేవుణ్ణి వెతుక్కుంటూ ఈయనే తిరిగాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తన వాళ్లకి చెప్పాడు. 1867 జనవరిలో ఒంగోలుకి దూరంగా ఒక చింతతోపులో కొన్ని రోజులు సభలు జరిగాయి. జనం సద్దులు కట్టుకుని వచ్చి చెట్ల కింద ఉన్నారు. చివర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు ఉద్యమానికి అసలు మొదలు అది. అప్పటికి ఏ కరువూ లేదు.

ఇక్కడ క్లౌకి ఒక పరీక్ష వచ్చింది. ఒంగోలులో పెద్ద కులాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు. మాదిగలు వస్తే మేం రాం అని చెప్పేశారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ఏం చేయాలో తెలియక బైబిల్ తెరిచారట. ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన పత్రికలో ఒకటే భాగం కనబడిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకుంటాడని చెప్పే భాగం. బడి ఖాళీ అయినా పర్లేదనుకున్నాడు.

మరి చేరినవాళ్లకి ఏం నియమాలు పెట్టాడు? మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు.

వినడానికి చాలా సింపుల్‌గా ఉన్నాయి కదా. ఆ రోజుల్లో ఒక మాదిగ కుటుంబం వీటిని పాటిస్తే ఏమవుతుందో చూడండి. ఊళ్లో మాదిగల బతుకు రైతు ఇచ్చే మేర మీద ఆధారపడి ఉంటుంది. చెప్పులు కుట్టాలి, మోట బావికి తోలు బానలు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. చచ్చిన గొడ్డుని లాగడం, దాని తోలు, దాని మాంసం, అంతా ఆ ఏర్పాటులో భాగమే. ఇప్పుడు నువ్వు జాతరకి డప్పు కొట్టను అన్నావు. కోతల టైములో ఆదివారం పొలానికి రాను అన్నావు. ఊరు ఊరుకుంటుందా? పని ఆగింది, మేర ఆగింది, నీళ్లు ఆగాయి, దెబ్బలు కూడా పడ్డాయి. అంటే ఆ మూడు నియమాలు ఒక్కొక్కటీ కడుపు మీద దెబ్బే. బియ్యం కోసం చేరారు అనేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేయరు. చేరితే ముందు పోయేది బియ్యమే.

ఇప్పుడు కరువుకి వద్దాం. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు. లక్షల మంది చనిపోయారు. సాయం చేయాల్సిన బ్రిటిష్ ప్రభుత్వానికి పెద్ద అనుమానం ఏంటో తెలుసా? వీళ్ల ఆకలి నిజమా కాదా అని. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు, రోజంతా మట్టి మోస్తే ఒక పౌండ్ ధాన్యం విలువ, పైన కొద్దిగా చిల్లర. పైగా ఇంటికి దూరంగా ఉన్న పనికే రావాలి. నిజంగా ఆకలేస్తే నడిచి వస్తారు కదా అని వాళ్ల లాజిక్. ఆకలికి కూడా ఎలిజిబిలిటీ టెస్ట్ పెట్టారండి.

ఆ టైములో బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని నడుస్తోంది. క్లౌ అందులో మూడు మూడున్నర మైళ్ల కాంట్రాక్ట్ తీసుకున్నాడు. సర్వేయర్ అన్నాను కదా, కొలతలు ఆయనకి తెలిసిన విద్య. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి పని చేశారు. చేసిన పనికి కూలి, ఊరికే ఇచ్చింది కాదు. సాయంత్రం పని అయ్యాక ఆ బోధకులు వాళ్ల మధ్య కూర్చుని యేసు గురించి చెప్పేవాళ్లు.

ఇక్కడే అసలు మలుపు. చాలామంది మేం కూడా చేరతాం, బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు నడిచినంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కారణం ఒక్కటే, వీళ్లు దేవుడి కోసం వస్తున్నారా, కూలి కోసం వస్తున్నారా తెలియదు. మతం మార్చడానికే కరువు పని పెట్టాడు అనేవాళ్లకి ఇది ఇబ్బందికరమైన విషయం. మార్చాలనుకుంటే అదే మంచి టైము. ఆయన తలుపు మూసేశాడు.

1878 జూన్‌కి కరువు తగ్గుముఖం పట్టింది, సహాయం డబ్బులు అయిపోవచ్చాయి. క్లౌ తన బోధకులని వెల్లంపల్లికి రమ్మన్నాడు, జనాన్ని తీసుకురావద్దన్నాడు. వెళ్లి చూస్తే వేలమంది. ఆయన ఒక గోడ ఎక్కి చెప్పాడు, ఇంక పని లేదు, డబ్బు లేదు, ఇళ్లకి వెళ్లండి అని. వాళ్లు వెళ్లలేదు. మాకు మీ సాయం అక్కర్లేదు, మా చేతులతో మేం బతుకుతాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తాం, అని వాళ్ల జవాబు సారాంశం. క్లౌకి అప్పుడు ఇంక కాదనడానికి కారణం లేకపోయింది.

అయినా వచ్చినవాళ్లని వచ్చినట్టు నీళ్లలోకి దింపలేదు. ఎవరు ఏ ఊరు, ఎలా బతుకుతున్నారు అనేది ఆయా ఊళ్ల బోధకులకి తెలుసు. వాళ్లు సరే అన్నవాళ్లనే తీసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, ఉదయం కొన్ని గంటలు, మధ్యాహ్నం మళ్లీ కొన్ని గంటలు. ఆ ఏడాది చివరికి ఈ లెక్క తొమ్మిదిన్నర వేలు దాటింది.

సరే. ఇక్కడి దాకా విని, అదిగో, టెస్ట్ పెట్టాడు, పాసయ్యారు, కాబట్టి నిజమైన క్రైస్తవులే అనుకోవచ్చు. నేను కూడా ముందు అలాగే అనుకున్నాను. కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ టెస్ట్ ఎవరికి పెట్టారు?

గుంటూరు ప్రాంతంలో పద్ధెనిమిదో శతాబ్దంలోనే కొన్ని కమ్మ, రెడ్డి కుటుంబాలు కేథలిక్కులయ్యాయి. వాళ్లు కులం కూడా అలాగే ఉంచుకున్నారు. మీరు ఏ లాభం కోసం చేరారు అని వాళ్లని ఎవరైనా అడుగుతారా? పల్లెల్లో మాలలకి ఒక చర్చి, మాదిగలకి ఒక చర్చి ఉన్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో కూడా మొదటి కార్డినల్. అంతదాకా రావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. అంటే లోపల కులం పట్టుకుని కూర్చున్నవాణ్ణి నువ్వు నిజమైన క్రైస్తవుడివేనా అని అడగరు. గేటు దగ్గర నిలబడ్డ పేదవాణ్ణి మాత్రం అడుగుతారు.

ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 303లో క్రైస్తవుల గ్రంథాలు లాక్కుని తగలబెట్టమన్నాడు. భయపడి అప్పగించినవాళ్లు కొందరు. పదేళ్లలో కాన్‌స్టంటైన్ వచ్చాడు, పరిస్థితి తిరగబడింది. అప్పుడు ఉత్తర ఆఫ్రికాలో గొడవ మొదలైంది. గ్రంథం అప్పగించిన బిషప్ నిజమైన బిషప్పేనా, వాడి చేతి మీద జరిగిన సంస్కారం చెల్లుతుందా అని. చెల్లదు, మేమే అసలు క్రైస్తవులం అన్నవాళ్లు డొనాటిస్టులు. పొలంలో గోధుమ, కలుపు కలిసే పెరుగుతాయి, కోసేవాడు దేవుడు అని అగస్టీన్ వాదించాడు. వందేళ్లు కొట్టుకుని, చివరికి 411లో కార్తేజ్‌లో సభ పెడితే తీర్పు చెప్పింది ఎవరు? చక్రవర్తి పంపిన ఆఫీసర్. ఎవరు అసలు, ఎవరు నకిలీ అనేది ప్రభుత్వం చేతికి పోయింది.

మళ్లీ మన దగ్గరికి. 1935లో అంబేడ్కర్ యేవలాలో, హిందువుగా పుట్టాను కానీ హిందువుగా చావను అనే అర్థంలో ప్రకటించాక దేశమంతా మత మార్పిడుల మీద చర్చ. ఈ సామూహిక మార్పిడుల్లో ఆధ్యాత్మికత ఎంత అని గాంధీజీకి గట్టి అనుమానం. ఆయనతో విభేదించినవాళ్లలో ఒకరు మన డోర్నకల్ బిషప్ అజరయ్య. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పేదవాడికి కూడా తన దేవుణ్ణి తను ఎంచుకునే బుద్ధి ఉంది, కావాలంటే తెలుగు పల్లెల్లో వాళ్ల బతుకులు ఎలా మారాయో వచ్చి చూడండి అనేది ఆయన వైఖరి. అంతకు కొంచెం ముందు, 1933లో, వాస్కమ్ పికెట్ అనే మిషనరీ ఈ ఉద్యమాల మీద పెద్ద సర్వే పుస్తకం వేశాడు. ఎందుకు చేరారు అని వేలమందిని అడిగాడు. ఆయన తేల్చిందేంటంటే, ఏ కారణంతో చేరారు అన్నదానికంటే చేరాక వాళ్లకి ఏం నేర్పారు, ఎలా చూసుకున్నారు అన్నదే తర్వాతి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించింది.

ఇది చదివినప్పుడు నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు చేరాను? కోడింగ్ మీద ప్రేమతో కాదండి, ప్యాకేజీ కోసం. మణికొండలో ఏ పీజీలో అడిగినా తొంభై మంది ఇదే చెప్తారు. అంతమాత్రాన నేను నకిలీ ఇంజనీర్‌నా? రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి కూర్చున్నానా లేదా, అది చూస్తారు. ఉద్యోగంలో మనకి ఇచ్చే ఈ మినహాయింపు పేదవాడి భక్తికి ఎందుకు ఇవ్వం?

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు ఎస్సీ కాడు అని అందులో మూడో పేరా. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. కలపాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో తీర్పు ఇచ్చింది. చర్చికి క్రమంగా వెళ్తూ, క్రైస్తవం ఆచరిస్తూ, రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని.

చట్టం ప్రకారం ఆ మాట ఉంది, నేను కాదనడం లేదు. కానీ మా పల్లెలో చూడండి. బాప్తిస్మం తీసుకున్నాక మా వాళ్ల ఇల్లు వాడ నుంచి ఊళ్లోకి జరగలేదు. మా నాయనమ్మ చిన్నప్పుడు హోటల్లో మా వాళ్లకి గ్లాసు వేరే. ఆ గ్లాసు ఇచ్చినవాడు నువ్వు ఏ గుడికి వెళ్తావు అని అడిగి ఇవ్వలేదు కదా. ఫారం మాత్రం అడుగుతుంది. 1878లో నువ్వు కూలి కోసం వచ్చావా అని అడిగారు. ఇప్పుడు నువ్వు సీటు కోసం దాస్తున్నావా అని అడుగుతున్నారు. రెండు సార్లూ అడిగించుకున్నది ఒకే వాడవాళ్లు.

పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్లినప్పుడు ఇదంతా మా నాన్నతో అన్నాను. "నువ్వు నిజాయితీగా రాశావు, పెదనాన్న రాయలేదు. నీకు ఎప్పుడూ కోపం రాలేదా?" అని అడిగాను. నాన్న చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "నీ ఫీజు కోసం తెచ్చిన అప్పుకి హామీ ఉండి సంతకం పెట్టింది ఎవరనుకున్నావురా? మీ పెదనాన్నే" అన్నాడు. నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

అందుకే నేను ఆ పాత లెక్క చెరిపేశాను. ఫారంలో రాసింది అబద్ధమా అంటే, అవును, అబద్ధమే. మా నాన్న ఆ అబద్ధం చెప్పలేకపోయాడు, అందుకు నాకు గర్వమే. కానీ దాంతో పెదనాన్న విశ్వాసం నకిలీ అని తేల్చేసే హక్కు నాకు రాదు.

ఇంకో మాట నా గురించి. క్లౌ పెట్టిన మూడు నియమాల్లో మొదటిది ఆదివారం పని చేయకూడదు. కోతల రోజుల్లో, రేపు గింజ దొరుకుతుందో లేదో తెలియకుండా, మా ముత్తాతల తరం ఆ మాట నిలబెట్టుకుంది. నేనేమో ఆదివారం రిలీజ్ ఉందంటే పాట మధ్యలో లేచి వచ్చి లాప్‌టాప్ తెరిచినవాణ్ణి. నన్ను ఎవరూ కొట్టరు, నా బావి ఎవరూ మూయరు. మేనేజర్ మొహం కొంచెం మాడుతుంది, అంతే. ఆ అంతకే నేను లొంగిపోయాను.

కాబట్టి నిజమైన క్రైస్తవుడు ఎవరు అని నన్ను అడిగితే, ఈ చరిత్రలో నాకు దొరికిన జవాబు ఇది. ఎందుకు వచ్చాడో చూసి చెప్పలేం. వచ్చాక, ఖర్చు పడే రోజున ఏం చేశాడో చూడాలి. అది కూడా పక్కవాడి ఖాతా కాదు, మన ఖాతా తెరిచి చూసుకోవాలి. నా ఖాతాలో ఇప్పటికైతే చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

ఈసారి ఒంగోలు బస్సెక్కితే గుండ్లకమ్మ దగ్గర ఒకసారి కళ్లు తెరవండి. మీరు ఏ మతం అయినా సరే. క్యాంటీన్‌లో ఎవరైనా బియ్యం బస్తా జోకు వేస్తే, పదిహేను నెలలు మూసి ఉన్న ఆ తలుపు సంగతి చెప్పండి. ఆ రోజు నేను చెప్పలేకపోయాను, ఈ రోజు చెప్పాను.